ఏఆర్-15 ఎంచుకోవాలా, ఏకే ఎంచుకోవాలా?

అమెరికాలో సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కో తూటా పేల్చే) రైఫిల్ కొనదలచినవారిలో చాలామంది ఏఆర్-15, ఏకే తరహాల మధ్యనే తర్జనభర్జన పడుతుంటారు. ఆ తర్జనభర్జనకు ముందే తమకు అర్హత ఉందో లేదో చూసుకోవాలి. హెచ్-1బి, విద్యార్థి వీసాల వంటి తాత్కాలిక వీసాలపై ఉన్న మనవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి మినహాయింపులు ఉన్నా, న్యాయవాదిని సంప్రదించకుండా వాటిని నమ్ముకోకూడదు. సరదాకని షూటింగ్ రేంజిలో అద్దెకు తీసుకుని పేల్చడం కూడా ఈ నిషేధం కిందికి రావచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ అడ్డంకి లేదు. అయితే కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాల్లో ఈ రెండు తరహాలపైనా నిషేధమో, కఠినమైన ఆంక్షలో అమలులో ఉన్నాయి.

మొదటి రైఫిల్ కొనేవారికి ఏఆర్-15 మేలని నా అభిప్రాయం. దీనికి ప్రధాన కారణం తూటా. ఏఆర్ సాధారణంగా పేల్చే 5.56 మి.మీ. తూటాలో గుండు బరువు సుమారు 3.6 గ్రాములే కాబట్టి, వేగం ఎక్కువైనా భుజానికి తగిలే తాకిడి తక్కువ. ఏకే సాధారణంగా వాడే 7.62×39 తూటాలో గుండు సుమారు 8 గ్రాములు ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ అది త్వరగా కిందికి దిగుతుంది. పైగా 2021లో రష్యా తూటాల దిగుమతికి కొత్త అనుమతులు ఇవ్వడాన్ని అమెరికా ఆపేయడంతో, తూటాలు చవకగా దొరుకుతాయన్న ఏకే పాత ఆకర్షణ చాలావరకు తగ్గింది.

యూజీన్ స్టోనర్ రూపొందించిన ఏఆర్‌లో పేలుడు వాయువు సన్నని గొట్టం గుండా వెనక్కి వచ్చి బోల్ట్ క్యారియర్‌ను (తూటా వెనక మూసే బోల్ట్‌ను మోసే భాగాన్ని) నెడుతుంది. మసి కూడా అక్కడికే చేరుతుంది కనుక ఏఆర్‌కు నూనె, శుభ్రత తప్పనిసరి. కలష్నికోవ్ రూపొందించిన ఏకేలో బరువైన పిస్టన్ క్యారియర్‌తో కలిసే కదులుతుంది, భాగాల మధ్య సందులు ఎక్కువ. దుమ్మును, నిర్లక్ష్యాన్ని ఏకే మరింతగా భరించడానికి కారణం ఇదే. ఏఆర్ అసలు పనికిరాదన్నట్టు మాట్లాడేవారిని మాత్రం పట్టించుకోనక్కరలేదు.

చేతిలోకి తీసుకున్నప్పుడు తేడా ఇంకా స్పష్టమవుతుంది. ఏఆర్ మ్యాగజైన్‌ను (తూటాల పెట్టెను) నిటారుగా పైకి తోస్తే బిగుస్తుంది. ఏకే మ్యాగజైన్ ముందు అంచును తగిలించి, వెనక్కి ఊపి బిగించాలి. ఏఆర్ సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) కుడిచేతి బొటనవేలికి అందుతుంది, ఏకేలో కుడిపక్కనున్న పొడవాటి మీటకు సాధారణంగా చేతిపట్టు సడలించాలి. టెలిస్కోప్ బిగించడానికి ఏఆర్ పైభాగంలో పట్టా ఉంటుంది, ఏకే పైమూత కదిలే పలుచని రేకు కాబట్టి దానిమీద టెలిస్కోప్ స్థిరంగా నిలవదు.

అయినా ఏకేపైనే మనసు పడినవారు, కొట్లో ముందుగా తుపాకీ ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, సురక్షితమైన దిశకు గురిపెట్టి, వెనకనుంచి చూడాలి. ముందరి సైటు ఒక పక్కకు ఒరిగినా, రివెట్లు వంకరగా ఉన్నా, మ్యాగజైన్ అతిగా కదులుతున్నా మరొకటి అడగాలి. ఏఆర్ కొనేవారు బ్యారెల్ మీది ముద్ర చదవాలి: 5.56 అని ఉన్నదానిలో .223 తూటాలు వాడవచ్చు గానీ, .223 అని మాత్రమే ఉన్నదానిలో 5.56 వాడితే పీడనం హద్దు దాటే ప్రమాదం ఉంది.