ముహూర్తాల ముందు: డాంటే రిగ్‌లో క్లాక్ జాగ్రత్తలు

మళ్లీ అదే ఫిర్యాదు: రిసెప్షన్‌లో పాట నడుస్తుండగా స్పీకర్లలోంచి టిక్, టిక్. మైకు మార్చారు, కేబుల్ మార్చారు, మోత పోలేదు. ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది క్లాక్, అంటే డిజిటల్ పరికరాలన్నిటినీ ఒకే లయలో నడిపే సిగ్నల్. డాంటే అంటే నెట్‌వర్క్ తీగల మీద ఆడియో పంపే పద్ధతి.

48 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 48,000 శాంపిళ్లు, అంటే శబ్దపు చిన్న చిన్న కొలతలు. కన్సోల్ (మిక్సర్) తన సొంత క్లాక్‌తో, అందులోని డాంటే కార్డు నెట్‌వర్క్ క్లాక్‌తో నడుస్తూ, తేడా పది లక్షలకు 20 వంతులే ఉన్నా సెకనుకు దాదాపు ఒక శాంపిల్ జారిపోతుంది. ఆ టిక్కు అదే. డ్రమ్స్ హోరులో తెలియదు. నాదస్వరం ఒక్క స్వరం మీద నిలబడినప్పుడు బయటపడుతుంది.

కన్సోల్ దగ్గర

కొంప ముంచేది 'ఎనేబుల్ సింక్ టు ఎక్స్‌టర్నల్' అనే గడిలో పెట్టే టిక్ గుర్తు. అది పెడితే కార్డు కన్సోల్ క్లాక్‌ను అనుసరిస్తుంది, కాబట్టి కన్సోల్ ఇంటర్నల్‌లోనో (సొంత క్లాక్) బయటి వర్డ్ క్లాక్‌లోనో (విడి తీగ మీద వచ్చే క్లాక్) ఉండాలి. టిక్ లేకపోతే కన్సోల్ క్లాక్ సోర్స్ డాంటేనే. టిక్ పెట్టి, కన్సోల్‌లోనూ డాంటే ఎంచుకుంటే ఒకదాన్నొకటి వెంబడిస్తూ రెండూ దారి తప్పుతాయి.

స్విచ్ దగ్గర

గ్రీన్ ఈథర్నెట్ ప్రతి పోర్టులో ఆపేయండి. కరెంటు ఆదాకని అది లింకును నిద్రపుచ్చుతుంది, టైమింగ్ ప్యాకెట్లు ఆలస్యమవుతాయి. క్యూఓఎస్‌లో (ఏ ప్యాకెట్ ముందు వెళ్లాలో స్విచ్‌కు చెప్పే సెట్టింగ్) క్లాక్ ప్యాకెట్ల గుర్తు డీఎస్‌సీపీ 56కు అన్నిటికన్నా పై ప్రాధాన్యం, తర్వాత ఆడియోకు 46. తిరగేశారా, ఆడియో రద్దీలో క్లాకే వెనకబడుతుంది.

ఇక వరసగా:

- ప్రిఫర్డ్ లీడర్ (మిగతావి అనుసరించే క్లాక్) ఒక్కదానికే, షో అయ్యేదాకా ఆపని స్టేజ్ బాక్సుకు (వేదిక మీద మైకులు గుచ్చే పెట్టె).
- లాప్‌టాప్‌లోని వర్చువల్ సౌండ్‌కార్డు లీడర్ కాలేదు, దాన్ని నమ్ముకోవద్దు.
- అన్నీ 48లోనే. ఒక్కటి 44.1లో ఉన్నా దానితో రూటింగ్ కుదరదు.
- వైఫై మీద డాంటే నడపొద్దు.
- వర్డ్ క్లాక్ తీగ 75 ఓమ్‌లదే, టర్మినేషన్ (తీగను ముగించే నిరోధకం) చివరి పరికరంలోనే.
- రిడండెంట్ మోడ్‌లో (ఒక దారి తెగితే రెండోది నడిచే ఏర్పాటు) ప్రైమరీ, సెకండరీ తీగలు ఒకే స్విచ్‌లో గుచ్చొద్దు.
- హాలువాళ్ల రౌటర్ మీ స్విచ్‌లో పెట్టనివ్వొద్దు. ఎవరడిగినా సరే.
- అద్దెకు తెచ్చిన రెండో కన్సోల్‌లో ఆ ఎక్స్‌టర్నల్ టిక్ చూడండి. పోయినసారి వాడినవాళ్లు వదిలేసి ఉంటారు. రెండు చోట్ల టిక్ ఉందంటే రెంటికీ ఒకే వర్డ్ క్లాక్ అందాలి. అందకపోతే తీసేయండి.
- డాంటే కంట్రోలర్ అనే సాఫ్ట్‌వేర్‌లో క్లాక్ స్టేటస్ తెరవండి: లీడర్ ఒక్కటే, మిగతావన్నీ ఫాలోవర్, సింక్ గడులన్నీ పచ్చగా.
- 1 కిలోహెర్ట్జ్ టోన్ పది నిమిషాలు హెడ్‌ఫోన్‌లో వినండి. ఒక్క టిక్కు వినపడ్డా గేట్లు తెరవకముందే మళ్లీ కన్సోల్ క్లాక్ పేజీకి వెళ్లండి.