వెనక డోర్ అద్దం పగిలింది: పాత ఎస్టీమ్‌తో రెండు ఆదివారాలు

పక్క ఖాళీ స్థలంలో గడ్డి కోసే మిషన్ తిరుగుతుంటే దాని రొదకి విసుక్కున్నాను తప్ప, అది రాళ్లు కూడా విసురుతుందని తట్టలేదు. టప్పుమని ఒక్కటే చప్పుడు. బయటికొచ్చి చూస్తే వేపచెట్టు కింద నిలబెట్టిన మా మారుతి ఎస్టీమ్ కారుకి ఎడమవైపు వెనక డోర్ అద్దం లేదు. సీటు నిండా పటికబెల్లం పలుకుల్లా గాజు. కొట్టిన రాయి కూడా దొరికింది. శనగగింజంత ఉంది.

కారు నాన్నది, 2004 మోడల్ ఎల్ఎక్స్. నాలుగు డోర్లకీ చేత్తో తిప్పే హ్యాండిళ్లే. తెనాలిలో మాకు తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "అద్దం మీరు తెచ్చుకుంటే వేసిపెడతాను మేడమ్, కానీ ఈ వారం మాత్రం కుదరదు" అన్నాడు. ఎలాగూ తేవాల్సింది మేమే కదా, వేసేది కూడా మేమే చూద్దామని తమ్ముడూ నేనూ దిగాం. చెయ్యి తిరిగినవాళ్లకి గంటన్నర పని. మాకు రెండు ఆదివారాలు పట్టింది. రెండోది ఎందుకు పట్టిందో చెబుతాను, మీకు ఒకటి మిగులుతుంది.

మొదటి రోజు చెయ్యాల్సినవి, చెయ్యకూడనివి

అద్దం పగలగానే ఎవరికైనా చెయ్యి హ్యాండిల్ మీదికే పోతుంది, ఎంత మిగిలిందో చూద్దామని. తిప్పకండి. పగిలిన గాజులో సగం సీటు మీద పడితే సగం డోర్ కడుపులోకి పోతుంది. హ్యాండిల్ తిప్పితే ఆ పలుకులు లోపల అద్దాన్ని పైకీ కిందికీ నడిపే మెషిన్ పళ్ల మధ్య పడి నలుగుతాయి, అద్దం జారే గాడిలోని చానల్ రబ్బరుని చీలుస్తాయి. అద్దం ఒక్కటే పోయిన చోట మెషిన్ కూడా కొనాల్సి వస్తుంది.

చెప్పులతో కాకుండా బూట్లు వేసుకోండి, చేతికి గ్లవుజులు తొడగండి. ఫోటోలు తీసుకున్నాక పెద్ద ముక్కలు ఏరి, మిగతాది వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగండి. సన్నటి నూక మాత్రం సీటు గుడ్డలో దిగబడి వ్యాక్యూమ్‌కి లొంగదు. దానికి ఉపాయం మా అమ్మ చెప్పింది: "వంటింట్లో గ్లాసు పగిలితే నేనేం చేస్తానే? చపాతీ పిండి ముద్ద అద్దుతాను." నిజంగానే గట్టిగా కలిపిన గోధుమపిండి ముద్దతో అద్దుకుంటూ పోతే కంటికి కనపడనివి కూడా అంటుకొచ్చేశాయి. ఆ ముద్దని మాత్రం గోడవతల పారెయ్యకండి, ఆవులు తింటాయి. కాగితంలో చుట్టి, పైన కవర్ కట్టి, గాజు ఉందని రాసి చెత్త బండికి ఇవ్వండి.

కిటికీకి పాలిథిన్ కవర్ కట్టేటప్పుడు ప్యాకింగ్ టేపుని నేరుగా పెయింట్ మీద వెయ్యొద్దు. మన ఎండకి జిగురు కరిగి అక్కడే ఉండిపోతుంది. ముందు మాస్కింగ్ టేపు వేసి, దాని మీద ప్యాకింగ్ టేపు వెయ్యాలి.

ఇన్సూరెన్స్ సంగతి. పాత కార్లకి చాలామంది థర్డ్ పార్టీ మాత్రమే కడతారు, దాంట్లో మన అద్దానికి పైసా రాదు. ఫుల్ పాలసీ ఉంటే గాజు భాగాలకి తరుగుదల కొయ్యరు, కానీ 1500 సీసీ లోపు కార్లకి మొదటి 1000 రూపాయలు మనమే భరించాలి. పైగా క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. నాకు మొత్తం ఖర్చు 1650 రూపాయలు. 650 కోసం బోనస్ పోగొట్టుకోవడం దండగ అనిపించింది.

అద్దం కొనడం

కొట్లో "ఎస్టీమ్ వెనక అద్దం" అని అడిగితే డిక్కీ మీది పెద్ద అద్దం గురించి మాట్లాడతారు. "రియర్ డోర్ గ్లాస్, ఎల్‌హెచ్" అనాలి. ఎల్‌హెచ్ అంటే ఎడమ, సీట్లో కూర్చుని ముందుకి చూసినప్పుడు మనకి ఎడమ. వెనక డోర్‌లో అద్దాలు రెండుంటాయి: కిందికీ పైకీ తిరిగేది ఒకటి, దాని వెనక కదలకుండా ఉండే చిన్న ముక్క ఒకటి. చిన్నదాన్ని క్వార్టర్ గ్లాస్ అంటారు. నాది పగిలింది పెద్దది.

ఎస్టీమ్ తయారీ 2007లోనే ఆగిపోయింది, కొత్త అద్దం కోసం తిరిగే ఓపిక నాకు లేదు. విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్లు విప్పి అమ్మే కొట్లకి వెళ్లాను. పగిలిన పలుకులు నాలుగు అగ్గిపెట్టెలో వేసుకుని పోవడం పనికొచ్చింది. అద్దాల్లో లేత ఆకుపచ్చవి ఉంటాయి, తెల్లవి ఉంటాయి. కొట్టు చీకట్లో రెండూ ఒకలాగే కనిపిస్తాయి. పలుకుని అంచు వైపు నుంచి తెల్ల కాగితం మీద చూస్తే రంగు తేలిపోతుంది. అద్దం మూలన చెక్కినట్టుండే ముద్ర కూడా చూడండి, ఐఎస్ఐ గుర్తు ఉండాలి.

మొదటి కొట్టులో భాయ్ లేవన్నాడు గానీ, "కావాలంటే ప్లెయిన్ గ్లాస్ కోసి ఇస్తా మేడమ్, చవక" అన్నాడు. వద్దన్నాను. స్కూల్లో ఫిజిక్స్ చెప్పేదాన్ని, అక్కడే పాఠం మొదలుపెట్టబోయి ఆపుకున్నాను, మీకు మాత్రం చెబుతాను. కారు పక్క అద్దాన్ని 600 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. పై పొర ముందు గట్టిపడుతుంది. లోపలి భాగం తర్వాత చల్లారుతూ దాన్ని లోపలికి లాగుతుంది. బయట ఒత్తిడి, లోపల లాగుడు, రెండూ ఎప్పటికీ అలా ఉండిపోతాయి. అందుకే మామూలుగా గట్టిగా ఉన్నా, పై పొరని ఏదైనా ఒక్కచోట ఛేదించిందంటే మొత్తం పలుకులైపోతుంది. శనగగింజంత రాయి అంత పని చేసింది అందుకే. ఈ గాజుని తయారయ్యాక కొయ్యడం కుదరదు. కోసి ఇస్తానన్నాడంటే అది మామూలు కిటికీ గాజు. గుద్దుకున్న రోజు అది కత్తుల్లా చీలుతుంది, అదీ అమ్మ కూర్చునే వైపు.

మూడో కొట్టులో దొరికింది, 1100 రూపాయలు. అద్దం కింది అంచుని పట్టి ఉంచే ఇనుప చానల్‌తో సహా ఉన్నదే తీసుకోండి. ఉత్త అద్దం దొరికితే చానల్‌ని ఎక్కడ బిగించాలో కొలత కావాలి. పాత అద్దం పలుకులైపోయింది కాబట్టి ఆ కొలత అవతలి డోర్‌ విప్పి తీసుకోవాలి, కుడి ఎడమలు తారుమారు చేసి. చానల్ రబ్బరు కొత్తది 400 అయింది, అది మాత్రం పాతది వాడకండి. ఇంకో కొట్టువాడు నల్ల అద్దం చూపించాడు. పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు రావాలని రూలు, పోలీసులు ఆపిన ప్రతిచోటా వివరించుకోవడం నా వల్ల కాదు.

దుప్పటిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని రైలెక్కాను. ఎదురు సీటు పెద్దాయన "దేవుడి పటమా అమ్మా?" అని అడిగాడు. అవునన్నాను, కాస్త దూరంగా జరిగి కూర్చుంటాడని. ఈ గాజుకి నడిమి భాగం ఎంత గట్టిదో అంచు అంత బలహీనం. అంచు మీద సిమెంటు గచ్చుకి ఆనించారంటే 1100 అక్కడే రాలిపోతాయి. ఎప్పుడూ గుడ్డ మీద పడుకోబెట్టే ఉంచండి.

డోర్ విప్పడం

కావాల్సినవి: స్టార్ స్క్రూడ్రైవర్, 10 నంబర్ పానా, అంచుకి టేపు చుట్టిన చదును స్క్రూడ్రైవర్, పాత నూలు పంచె నుంచి చింపిన పీలిక.

పీలిక హ్యాండిల్ కోసం. దానికి పైన స్క్రూ కనపడదు. వెనక గుర్రపు నాడా ఆకారంలో సన్నటి స్ప్రింగ్ క్లిప్పు ఉంటుంది. హ్యాండిల్‌కీ దాని వెనక ప్లాస్టిక్ బిళ్లకీ మధ్య పీలికని దూర్చి, కవ్వం తాడు లాగినట్టు రెండు కొసలూ అటూ ఇటూ లాగండి. నాలుగైదు చిలుకుళ్లకి గుడ్డ క్లిప్పుని పట్టుకుని బయటికి లాగేస్తుంది. రెండో చెయ్యి ఎవరిదైనా అడ్డం పెట్టించండి. మాది ఎగిరిపోయి, అరగంట వెతికాక తులసికోట మట్టిలో దొరికింది.

తర్వాత చేతి పట్టీకి ఉన్న రెండు స్క్రూలు, లోపలి లాక్ చుట్టూ ఉన్న బిళ్ల స్క్రూ. ఆపైన డోర్ ప్యాడ్ (డోర్‌కి లోపలివైపు ఉండే అట్ట) అంచున ప్లాస్టిక్ క్లిప్పులు. కింద మూల నుంచి మొదలుపెట్టి, చదును స్క్రూడ్రైవర్‌ని సరిగ్గా క్లిప్పు పక్కనే పెట్టి లేపండి. మధ్యలో లేపితే ఇరవయ్యేళ్ల అట్ట విరుగుతుంది. అన్నీ ఊడాక ప్యాడ్‌ని పైకెత్తితే వచ్చేస్తుంది.

దాని వెనక నల్ల జిగురుతో అంటించిన పాలిథిన్ షీటు ఉంటుంది. విసుగొచ్చి చింపెయ్యకండి. వాన నీళ్లు అద్దం వెంబడి డోర్ లోపలికి దిగడం మామూలే. అవి కారులోకి రాకుండా కింద రంధ్రాల్లోంచి బయటికి పోయేలా చూసేది ఆ షీటే. మెల్లగా ఒలిచి, జిగురుకి దుమ్ము అంటకుండా పైకి మడిచి టేపు వెయ్యండి.

ఇప్పుడు గాజు. మేం ఇక్కడే తప్పు చేశాం. అడుగున కుప్పగా ఉన్నదంతా వ్యాక్యూమ్‌తో లాగేసి అయిపోయిందనుకున్నాం. అద్దం బిగించి, ప్యాడ్ మూసేసి బయల్దేరితే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర డోర్‌లోంచి గలగలమని చప్పుడు. రెండో ఆదివారం మళ్లీ హ్యాండిల్ క్లిప్పు నుంచి మొదలు. మీరు ఈ దశలోనే డోర్‌ని తెరిచి పట్టుకుని అరచేత్తో బయటి రేకు మీద దబదబా కొట్టండి, కొత్త పలుకులు రాలతాయి. వ్యాక్యూమ్ పెట్టండి. మళ్లీ కొట్టండి. నాలుగుసార్లైనా చెయ్యాలి. పాత చానల్ రబ్బరు గాడిలో, అద్దం దూరే సందులో ఉండే వెదర్ స్ట్రిప్ నూగులో కూడా ఇరుక్కుని ఉంటాయి. చివరికి కింది రంధ్రాల్లో పుల్ల పెట్టి చూడండి. మా డోర్‌కి రెండు రంధ్రాలు గాజు, వేపాకు కలిసి పూడుకుపోయి ఉన్నాయి.

నిలువు పట్టీ

కొత్త అద్దాన్ని పైనుంచి దూరుస్తుంటే సగం దిగి ఆగిపోతుంది. ముందుకి వంచి, వెనక్కి వంచి, తిట్టుకుని, మేం ఒక పూటంతా పోగొట్టుకున్నాం. పెద్ద అద్దానికీ క్వార్టర్ గ్లాస్‌కీ మధ్య ఉన్న నిలువు పట్టీని తీస్తే తప్ప అద్దం పట్టదు. దాని కింది బోల్టు డోర్ లోపల కనపడుతూనే ఉంటుంది, 10 నంబర్. పై స్క్రూ మాత్రం ఫ్రేము పైభాగంలో చానల్ రబ్బరు కింద దాక్కుంటుంది. రబ్బరుని ముందు గాడిలోంచి లాగాలి, అప్పుడే కనిపిస్తుంది. తుప్పు పట్టి ఉంటే తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే కాస్త కొట్టి పదిహేను నిమిషాలు వదిలెయ్యండి. తల అరిగిందంటే డ్రిల్లు పెట్టాల్సిందే.

రెండూ తీసి పట్టీని ముందుకి వాలిస్తే క్వార్టర్ గ్లాస్ దాని రబ్బరుతో సహా జారి వస్తుంది. దాన్నీ గుడ్డ మీద పెట్టండి. హ్యాండిల్‌ని క్లిప్పు లేకుండా తగిలించి మెషిన్‌ని కిందికి దించండి. అద్దం ముందు అంచుని కిందికి వాల్చి తమ్ముడు పైనుంచి దించుతుంటే, నేను డోర్ లోపలి రంధ్రంలోంచి చెయ్యి పెట్టి అందుకున్నాను. ఒక్కరే చెయ్యగల పని కాదు.

అద్దం అడుగుకి చేరాక క్వార్టర్ గ్లాస్, పట్టీ, కొత్త చానల్ రబ్బరు, ఈ వరసలో వెయ్యండి. రబ్బరు గాడిలోకి దిగకపోతే సబ్బు నీళ్లు రాయండి. నూనె రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. అద్దం చానల్‌ని మెషిన్‌కి పట్టే స్క్రూలని వదులుగానే ఉంచి, అద్దాన్ని పూర్తిగా పైకి తిప్పండి. అది ఫ్రేములో తన చోటు చూసుకుని కూర్చుంటుంది. అప్పుడు బిగించండి. ముందే బిగిస్తే వంకరగా ఎక్కి ఒక మూల సందు వదులుతుంది. గాడిలో సిలికాన్ స్ప్రే కొట్టి పదిసార్లు పైకీ కిందికీ తిప్పండి. మిగిలిన ఖర్చు, 150 రూపాయలు, ఈ స్ప్రేకే.

ప్యాడ్ మూసే ముందు రెండు పరీక్షలు. డోర్‌ని నాలుగైదుసార్లు దభాలున వేసి చెవి పెట్టి వినండి, గలగల ఉండకూడదు. చెంబుతో అద్దం మీద నీళ్లు పొయ్యండి, కింది రంధ్రాల్లోంచి కారాలి. రెండూ బాగుంటే షీటు అంటించి ప్యాడ్ పెట్టండి. హ్యాండిల్‌కి మాత్రం క్లిప్పుని ముందే దాని గాడిలో దూర్చి, అద్దం మూసి ఉన్నప్పుడు అవతలి డోర్ హ్యాండిల్ ఏ వాలులో ఉందో అదే వాలులో పెట్టి అరచేత్తో ఒక్కటి కొట్టండి. టక్కుమంటుంది.

మొదటి వాన పడిన రోజు కాళ్ల కింద కార్పెట్టు ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. మాది పొడిగానే ఉంది, ఒక పలుకు మాత్రం దొరికింది.