సీజన్ అయ్యాక సర్ఫింగ్ సామాను దాచేముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కొత్తగా సర్ఫింగ్ నేర్చుకున్నవాళ్లు బోర్డు అలల దెబ్బకే పాడవుతుందనుకుంటారు. అంతకంటే ఎక్కువ నష్టం ఇంట్లో, మూలన పెట్టి మరిచిపోయిన నెలల్లో జరుగుతుంది. ఉప్పు, చెమ్మ, ఎండ, వేడి లోలోపల చేసే పని పైకి కనబడదు. మళ్లీ నీళ్లలోకి దిగిన మొదటి రోజే లీష్ (బోర్డును కాలికి కట్టి ఉంచే తాడు) పుటుక్కున తెగితే అప్పుడు తెలుస్తుంది. ఈత మీద ఇంకా ధీమా కుదరని మనిషికి ఒడ్డుకు దూరంగా బోర్డు చేజారడమంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. అందుకే సామాను పక్కన పెట్టే రోజున ఒక పూట దానికోసమే ఉంచుకోండి.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీరు ఆరిపోయినా ఉప్పు అక్కడే ఉండి గాలిలోని తేమను లాగుతుంది. ఆరిపోయిందనుకున్న స్క్రూ తుప్పు పట్టేది అందుకే. బోర్డు, లీష్, ఫిన్లు (బోర్డు అడుగున తోక దగ్గర ఉండే రెక్కలు) అన్నిటినీ మంచినీళ్లతో కడగండి. ఫిన్లను ఊడదీసి మరీ కడగాలి. వాటి గాడిలో ఇసుక, ఉప్పు గట్టిపడితే స్క్రూ బిగుసుకుపోతుంది, ఆపైన బలవంతంగా తిప్పితే దాని తల అరిగి ఇక ఊడిరాదు. స్క్రూలను, వాటి కీని ఆరబెట్టి ఒకే డబ్బాలో వేసుకోండి.

తర్వాత కాలు జారకుండా బోర్డు మీద రుద్దిన పాత వాక్స్ (మైనం) తీసేయాలి. ఇది బద్ధకించే పనే గానీ మానకూడదు, ఎందుకంటే పగుళ్లన్నీ దాని కిందే దాక్కుంటాయి. బోర్డును కొద్ది నిమిషాలు ఎండలో పెట్టి, వాక్స్ మెత్తబడగానే నీడలోకి తెచ్చి ప్లాస్టిక్ వాక్స్ దువ్వెన వెనక అంచుతో గీకండి. మిగిలిన జిడ్డును గుడ్డ మీద కాస్త వంటనూనె వేసి తుడిచి, సబ్బునీళ్లతో కడిగేయొచ్చు. పెట్రోలు, థిన్నర్, అసిటోన్ జోలికి పోకండి. ఇపిఎస్ ఫోమ్‌తో (థర్మాకోల్ లాంటి పూసల ఫోమ్) చేసిన బోర్డులో అవి పగులు గుండా లోపలికి దిగితే ఫోమ్ కరిగిపోతుంది. పైన మెత్తటి ఫోమ్ ఉండే సాఫ్ట్‌టాప్ బోర్డు మీద ఇనుప పనిముట్లు వాడొద్దు.

వాక్స్ పోయాక బోర్డంతా అరచేత్తో మెల్లగా తడమండి. ముక్కు, తోక, అంచులు, ఫిన్ గాడుల చుట్టూ, లీష్ కట్టే చోట ఎక్కువసేపు చూడండి. బొటనవేలితో నొక్కితే ఎక్కడైనా లోపలికి దిగిందంటే పైపొర ఫోమ్ నుంచి విడిపోయినట్టు. వెంట్రుకంత గీత కనిపిస్తే దాని పక్కన నొక్కి చూడండి. నీటిబొట్టు ఊరినా, చిన్న బుడగలు వచ్చినా లోపల నీళ్లున్నాయి. ఆ స్థితిలో అతికిస్తే నీటిని లోపలే బంధించినట్టవుతుంది. పగులు కిందికి వచ్చేలా బోర్డును నిలబెట్టి, గాలి ఆడే నీడలో కొన్ని రోజులు వదిలేయండి. ఇపిఎస్ ఫోమ్‌లో నీరు పూసల మధ్యకు పాకుతుంది కాబట్టి దానికి ఇంకా ఓపిక పట్టాలి. అతికించేటప్పుడు మీ బోర్డు ఏ రకమో తేలకపోతే ఎపాక్సీ రెజిన్ (గట్టిపడే జిగురు) వాడండి, అది ఇపిఎస్ బోర్డుకూ, పాలియురేథేన్ ఫోమ్ బోర్డుకూ పనికొస్తుంది. పాలియెస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ అనే రసాయనం ఇపిఎస్‌ను తినేస్తుంది. రుద్ది నునుపు చేసేటప్పుడు ముక్కుకు మాస్క్ తప్పనిసరి.

వెట్‌సూట్ (చలి ఆపడానికి నీళ్లలో వేసుకునే బిగుతైన రబ్బరు దుస్తులు) వెచ్చగా ఉంచేది నియోప్రీన్ రబ్బరులోని సన్నటి గాలి బుడగల వల్ల. వేడికీ ఎండకూ ఆ రబ్బరు బిరుసెక్కి, సాగదీసిన చోట చిట్లుతుంది. కాబట్టి వేడినీళ్లు, వాషింగ్ మెషిన్, బ్లీచ్, ఇస్త్రీ ఏవీ వద్దు. చల్లటి నీళ్లలో వెట్‌సూట్ షాంపూ కలిపి నానబెట్టి, లోపలా బయటా కడిగి, పిండకుండా అదిమి నీళ్లు కార్చండి. ముందు తిరగేసి ఆరబెట్టి, లోపలి వైపు ఆరాక మళ్లీ తిప్పండి. తడి సూట్‌ను భుజాల మీద వేలాడదీస్తే సొంత బరువుకే సాగిపోతుంది, అందుకని నడుము దగ్గర మడిచి లావుపాటి హ్యాంగర్ మీద వేయాలి. ఆరిందని కంటితో తేల్చుకోకండి. చంకల్లో, మోకాళ్ల దగ్గర, చేతుల చివర వేళ్లు పెట్టి చూడండి. ఏ కాస్త చెమ్మ ఉన్నా బూజు పడుతుంది. మడతపెట్టి బరువు కింద పెట్టారో, మడత పడిన చోటే చీలుతుంది.

దాచే చోటు నీడగా, చల్లగా, గాలి తగిలేలా ఉండాలి. మూసిన కారు, రేకుల షెడ్డు, కిటికీ పక్క పనికిరావు. వేడికి ఫోమ్‌లోని గాలి వ్యాకోచించి పైపొరను బుడగలా లేపేస్తుంది, ఎండ తెల్లటి బోర్డును పసుపు పచ్చగా మార్చి పెళుసుబారుస్తుంది. మెత్తటి ఆధారాలు రెండింటి మీద అడ్డంగా పెట్టడం మంచిది. నిలబెట్టక తప్పకపోతే తోక కింద మందపాటి చాప వేసి, జారకుండా చూడండి. పైన ఏ బరువూ పెట్టొద్దు. సంచిలో పెడితే సంచి కూడా పొడిగా ఉండాలి, జిప్ కొంచెం తెరిచి ఉంచాలి.

లీష్‌ను ఫిన్ల చుట్టూ బిగించి చుట్టే అలవాటు మానండి. ముడతపడిన చోట అది బలహీనపడుతుంది. నిటారుగా వేలాడదీయండి. కాలికి చుట్టే పట్టీ అంటుకునే చోట చిక్కుకున్న ఇసుకను పాత టూత్‌బ్రష్‌తో దులిపేయండి. మళ్లీ దిగేముందు లీష్‌ను రెండు చేతులతో సాగదీసి, తాడు పట్టీతో కలిసే రెండు చివరలనూ వెలుతురులో చూడండి. బోర్డుకు కట్టే చిన్న దారం పోగులు లేచినా, లీష్ మీద గాటు పడినా, ఎక్కడైనా తెల్లగా సాగినట్టున్నా కొత్తది వేసుకోండి. టేపు చుట్టి, జిగురు పూసి సరిపెట్టుకోవద్దు.