కొత్త పాండ్‌లో నీళ్లు పచ్చబడ్డాయా? తోడేసే ముందు ఇది చదవండి

పెరట్లో కొత్తగా పాండ్ పెట్టుకున్నవాళ్లకు మొదటి రెండు నెలలు ఏదో ఒక టెన్షన్ తప్పదు. ఏం జరిగినా మనవాళ్లు ముందు చేసే పని ఒకటే: మోటారు పెట్టి నీళ్లన్నీ తోడేసి, అడుగుదాకా రుద్ది కడిగి, మళ్లీ నింపడం. దయచేసి ఆ పని చేయకండి, సగం సమస్యలు దానివల్లే తిరిగి మొదలవుతాయి.

నీళ్లు పచ్చగా మారాయి

ఒక గాజు గ్లాసులో నీళ్లు తీసి వెలుగులో పెట్టి చూడండి. గ్లాసంతా ఒకే రకంగా లేత పచ్చగా ఉంటే అది నీళ్లలో తేలే సూక్ష్మమైన నాచు. ఎండ ఎక్కువ, మొక్కలు తక్కువ, పైగా చేపలు తినకుండా వదిలేసిన మేత నాచుకు ఎరువు. నీళ్లు మారిస్తే వారంలో మళ్లీ పచ్చబడతాయి, ఎందుకంటే కారణం అక్కడే ఉంది కదా. కలువలు, అంతరతామర వేసి నీటి పైభాగం సగానికి పైగా కప్పేయండి, అవి పరుచుకునేదాకా గ్రీన్ నెట్ కట్టండి, మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి. ఆ తర్వాత కొన్ని వారాలు ఓపిక పట్టాలి, ఇందులో అడ్డదారి లేదు. గోడలకు దారాల్లా పట్టే పాచి వేరు, దాన్ని చేత్తో లాగేయడమే. నీళ్లు మట్టిరంగులో ఉంటే తామర కుండీలోని మట్టి లేస్తోందని అర్థం, పైన గులకరాళ్లు పరవండి.

గుర్రపుడెక్క మాత్రం ఎవరిచ్చినా తెచ్చుకోవద్దు. ఎక్కువైనప్పుడు దాన్ని తీసుకెళ్లి బందరు కాలువలోనో ఏలూరు కాలువలోనో పడేసేవాళ్లున్నారు, అది నిజంగా బాధ కలిగించే పని. ఎండబెట్టి కంపోస్టులో వేయండి.

చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి

ఇక్కడ టైమే కారణం చెబుతుంది. తెల్లవారుజామున మాత్రమే అలా ఉండి, ఎండ వచ్చాక మామూలుగా తిరుగుతుంటే ఆక్సిజన్ చాలట్లేదు. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచూ మొక్కలే రాత్రి దాన్ని వాడుకుంటాయి, దానికి తోడు వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, అందుకే రోహిణి కార్తెలో ఇది ఎక్కువ. చాలామంది కరెంటు ఆదా అవుతుందని ఫౌంటెన్‌ని రాత్రి ఆపి పగలు వేస్తారు. చేపలకు కావాల్సింది సరిగ్గా దీనికి తిరగేసి. భీమవరం వైపు రొయ్యల రైతులు రాత్రంతా ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిప్పేది ఇందుకే.

నీళ్లు పట్టిన గంటల్లోనే తేలితే క్లోరిన్. కుళాయి నీళ్లు విడిగా డ్రమ్ములో మూత లేకుండా ఒక రోజు ఉంచి పోయండి, లేదా అక్వేరియం షాపులో దొరికే యాంటీ క్లోరిన్ వేయండి.

రోజంతా నీరసంగా ఉండి మొప్పలు ఎర్రబడితే అమ్మోనియాని అనుమానించండి, కొత్త పాండ్‌లో చేపల్ని ఎక్కువగా చంపేది ఇదే. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను మార్చేసే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మనమేమో మొదటి ఆదివారమే ఇరవై గోల్డ్‌ఫిష్ తెచ్చి వదులుతాం. రెండు రోజులు మేత ఆపండి, పావు వంతు నీళ్లు మాత్రమే మార్చండి, టెస్ట్ కిట్‌తో చూస్తూ అవసరమైతే మర్నాడు ఇంకో పావు. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడిగితే పెరిగిన బ్యాక్టీరియా పోతుంది, పాండ్ నీళ్లలోనే ఒకసారి పిండి పెట్టేయండి.

కొత్త సిమెంటు తొట్టిలో ఏ చేపా బతకడం లేదు

సిమెంటులోంచి సున్నం దిగి నీళ్ల పీహెచ్ (క్షారగుణం కొలత) పెరిగిపోతుంది. నీళ్లు నింపి నాలుగైదు రోజులుంచి తోడేయడం మూడు నాలుగుసార్లు చేయండి. పీహెచ్ 8.5 కన్నా దిగాకే చేపలు. నీళ్లు బాగుపడాలని ఖాళీ చేయమని నేను చెప్పేది ఈ ఒక్క సందర్భంలోనే.

నీటిమట్టం తగ్గిపోతోంది

మే నెలలో రోజుకు దాదాపు ఒక సెంటీమీటరు ఆవిరైపోవడం మామూలే. అనుమానం తీరాలంటే బకెట్‌లో నీళ్లు నింపి పాండ్ పక్కనే అదే ఎండలో పెట్టి, రెండింటికీ గీత పెట్టి, ఫౌంటెన్ ఆపి మర్నాడు చూడండి. పాండ్ ఎక్కువ తగ్గితే లీకేజీ. గుంటూరు వైపు నల్లరేగడిలో దీనికి పెద్ద కారణం నేలే: వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది, దాంతో పలచగా కట్టిన సిమెంటు తొట్టి పగులుతుంది. పగులుకి సిమెంటు పూస్తే వచ్చే వేసవికి మళ్లీ అక్కడే విడుతుంది. లోపల పాండ్ లైనర్ (నీళ్లు ఇంకని మందపాటి షీటు) పరవండి. కొత్తగా తవ్వేవాళ్లయితే అడుగున ఇసుక పోసి నేరుగా లైనరే వేయడం మంచిది.

దోమ పిల్లలు కనిపిస్తున్నాయి

నాలుగు గప్పీ చేపలు వదలండి, పని అయిపోతుంది. పక్కన పడున్న ఖాళీ కుండీల్లో, ట్రేల్లో నిలిచిన నీళ్లు కూడా చూసుకోండి, డెంగీ దోమకు ఆ కాస్త చాలు.

పెద్ద వాన మర్నాడు చేపలు చనిపోయాయి

తోటలో వేసిన యూరియా, మొక్కలకు కొట్టిన మందు వరదలో కొట్టుకొచ్చి పాండ్‌లో దిగి ఉంటాయి. చుట్టూ గట్టు నాలుగు అంగుళాలైనా ఎత్తుగా ఉండాలి, డాబా మీది నీళ్ల గొట్టం అటు తిరిగి ఉంటే ఇవాళే మళ్లించండి.