రోడ్డు ప్రమాదం తర్వాత నష్టపరిహారం: గాయపడినవారు, కుటుంబం తెలుసుకోవలసిన హక్కులు

ప్రమాదంలో గాయపడినవారిని ఆసుపత్రికి తీసుకువెళ్లినప్పుడు క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు ‘ఏం జరిగింది’ అని అడిగి, చెప్పిన జవాబును మెడికో లీగల్ రిజిస్టరులో ఒకటి రెండు వాక్యాలలో రాసుకుంటారు. వెంట వచ్చినవారు కంగారులో ‘బండి మీద నుంచి పడిపోయాడు’ అంటే అదే నమోదవుతుంది. తర్వాత ఎప్పుడో విచారణలో బీమా కంపెనీ న్యాయవాది, పరిహారం తేల్చే మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్ ముందు చదివి వినిపించేది ఆ వాక్యాన్నే. అందువల్ల ఢీకొట్టింది లారీ అయితే లారీ అనీ, ఎక్కడ, ఎన్ని గంటలకు జరిగిందనీ, నంబరు తెలిస్తే నంబరుతో సహా చెప్పాలి; తెలియకపోతే గుర్తు తెలియని వాహనం ఢీకొట్టిందని చెప్పాలి. నా అభిప్రాయంలో, న్యాయమైన కేసులు కూడా బలహీనపడేది చట్టంలో లోపం వల్ల కంటే తొలి రోజుల్లో కాగితాలు సరిగా పడకపోవడం వల్లనే.

చికిత్స విషయంలో వెనుకంజ వేయవలసిన పని లేదు. పోలీసు కేసు సంగతి తేలేదాకా వైద్యం ఆపరాదని, ముందు ప్రాణం నిలబెట్టాలని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టం చేసింది. కేంద్ర ప్రభుత్వం 2025 మేలో నోటిఫై చేసిన పథకం కింద, నిర్దేశిత ఆసుపత్రులలో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, మనిషికి రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స లభిస్తుంది. బాధితుణ్ణి ఆసుపత్రిలో చేర్చిన దారినపోయేవారికి కూడా మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షను రక్షణ ఇస్తుంది.

పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వడం రెండో పని. ప్రమాద స్థలం తమ పరిధిలోకి రాదని స్టేషనువారు తిప్పి పంపరాదు, జీరో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి సంబంధిత స్టేషనుకు పంపాలి. ఫిర్యాదుదారుకు ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆలస్యమైనంత మాత్రాన హక్కు పోదు గాని, ఆసుపత్రిలో ఉండిపోవడం వంటి కారణాన్ని ఫిర్యాదులోనే రాయాలి. సరిగ్గా ఈ దశలోనే వాహన యజమాని తరఫువారు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చి, ఆసుపత్రి ఖర్చులు పెట్టుకుంటామని, కేసు వద్దని అడుగుతుంటారు. వాళ్ల మంచితనాన్ని శంకించనక్కరలేదు, కానీ బండికి బీమా ఉంటే పరిహారం కట్టేది సాధారణంగా యజమాని కాదు, థర్డ్ పార్టీ పాలసీ (బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా) ఇచ్చిన కంపెనీ. నాలుగు రోజుల ఆసుపత్రి బిల్లు తీసుకుని రాజీ కాగితం మీద సంతకం చేసిన కుటుంబం, విరిగిన కాలు మళ్లీ నేల మీద ఆనుతుందో లేదో తెలియకముందే తన హక్కును చిక్కుల్లో పడేసుకుంటుంది.

పరిహారానికి చట్టంలో ఉన్న దారులు వేర్వేరు. ఢీకొట్టి పారిపోయిన వాహనం ఆచూకీ దొరకకపోతే, మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయానికి రూ.50 వేలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. దరఖాస్తు క్లెయిముల విచారణాధికారికి, అంటే తహసీల్దారు లేదా రెవెన్యూ డివిజను స్థాయి అధికారికి, ఇవ్వాలి. వాహనం తెలిసి, తప్పెవరిదో నిరూపించడం కష్టమైతే మోటారు వాహనాల చట్టం 164వ సెక్షను కింద మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు అడగవచ్చు. అవతలి డ్రైవరు నిర్లక్ష్యాన్ని చూపగలిగితే 166వ సెక్షనే మేలు, ఎందుకంటే అక్కడ పరిహారానికి గరిష్ఠ పరిమితి లేదు.

166 కింద దాఖలయ్యే పిటిషనును మన కోర్టులలో ఎం.వి.ఓ.పి. (మోటారు వెహికల్ ఒరిజినల్ పిటిషను) అంటారు. ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న నియమం లేదు. హైదరాబాదులో పనికి వెళ్లి గాయపడిన శ్రీకాకుళం మనిషి తన సొంత జిల్లా ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు పిటిషను వేయాలి. ఈ గడువు చెల్లుబాటును సుప్రీంకోర్టులో సవాలు చేసినవారు ఉన్నారు, అయినా ఆ తీర్పు మీద ఆశ పెట్టుకుని ఆగడం మంచిది కాదు. పిటిషనుతో పాటు ఎఫ్.ఐ.ఆర్., ఛార్జిషీటు, వూండ్ సర్టిఫికెట్ (గాయాల ధ్రువపత్రం), మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు నివేదిక, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, అవతలి బండి పాలసీ, డ్రైవరు లైసెన్సు నకళ్లు అవసరమవుతాయి. మందుల చీటీలు, ఆటో ఛార్జీల రసీదులు సహా ప్రతి కాగితాన్నీ తేదీల వరుసలో దాచుకోవాలి.

మొత్తం ఎలా లెక్కిస్తారో తెలిస్తే తక్కువకు ఒప్పుకునే ప్రమాదం తగ్గుతుంది. 34 ఏళ్ల వడ్రంగి నెలకు రూ.15 వేలు సంపాదిస్తున్నాడనుకుందాం. ఏడాదికి రూ.1,80,000. సొంతంగా పనిచేసుకునే 40 ఏళ్ల లోపువారికి భవిష్యత్ ఆదాయం కింద 40 శాతం కలపాలని ప్రణయ్ సేథీ తీర్పు (2017) చెప్పింది కనుక అది రూ.2,52,000 అవుతుంది. సరళా వర్మ తీర్పు (2009) ప్రకారం 31–35 ఏళ్లవారికి గుణకం (వయసును బట్టి ఏడాది ఆదాయాన్ని హెచ్చించే సంఖ్య) 16, హెచ్చిస్తే రూ.40,32,000. సంపాదించే శక్తి సగం పోయిందని తేలితే ఇందులో సగం, రూ.20,16,000, ఆదాయ నష్టం కింద వస్తుంది. వైద్య ఖర్చులు, నొప్పి, బాధ, సహాయకుని ఖర్చు దీనికి అదనం.

ఇక్కడ అసలు పోరాటమంతా ఆ ‘సగం’ మీదే. మెడికల్ బోర్డు ఇచ్చే శాతం శరీరానికి సంబంధించినది. ట్రిబ్యునల్ చూడవలసింది అది జీవనోపాధిని ఎంత దెబ్బతీసిందన్నది. ఎడమ చెయ్యి పోతే వైకల్యం 60 శాతం ఉండవచ్చు గాని, అతను డ్రైవరో వడ్రంగో అయితే ఉపాధి నష్టం దాదాపు నూటికి నూరు అని, అదే గుమాస్తా అయితే ఉద్యోగం నిలిచే అవకాశం ఉందని రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో (2011) సుప్రీంకోర్టు వివరించింది. కనుక చేసే పని ఏమిటో, దానికి ఏ అవయవం ఎలా అవసరమో సాక్ష్యంలో విడమరచి చెప్పించాలి. వీలైతే చికిత్స చేసిన డాక్టరును సాక్షిగా పిలిపించాలి. జీతం చీటీ లేని కూలీలు, రైతులు మేస్త్రీ వాంగ్మూలం, బ్యాంకు ఖాతా, పట్టాదారు పాసుపుస్తకం వంటివాటితో ఆదాయం చూపవచ్చు.

ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది: బైకు వెనుక కూర్చున్నవారు గాయపడి, తప్పు ఆ బైకు నడిపినవారిదే అయితే, చట్టం తప్పనిసరి చేసిన కనీస పాలసీ మాత్రమే ఉన్న బండిపై బీమా కంపెనీ బాధ్యత ఉండదు. అందుకే పాలసీ రకాన్ని మొదటే చూసుకోవాలి.

ఫీజు ముందుగా మాట్లాడుకుని, ఖాళీ కాగితాల మీద సంతకాలు చేయకుండా న్యాయవాదిని పెట్టుకోవాలి. వచ్చిన పరిహారంలో వాటా తీసుకునే ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నియమాలు అనుమతించవు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచిత న్యాయవాదిని పొందవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే డబ్బు త్వరగా చేతికి రావచ్చు, కానీ ఆ అవార్డుపై అప్పీలు ఉండదు, అందుకని పై లెక్క వేసుకున్నాకే తల ఊపాలి. ట్రిబ్యునల్ తీర్పు తక్కువగా ఉందనిపిస్తే 90 రోజుల లోపు హైకోర్టులో అప్పీలు వేయవచ్చు.