పాత పెట్రోలు కారు మైలేజీ పడిపోతే ఎక్కడెక్కడ చూడాలి

ముందు లెక్క సరిగ్గా తీయండి. ఆటో కట్ అయ్యేదాకా (పంపు దానంతటదే ఆగేదాకా) ట్యాంకు నింపించి, కిలోమీటర్ల రీడింగు రాసుకోండి. కనీసం 300 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్లీ ఆటో కట్ దాకా పోయించండి. 312 కిలోమీటర్లకు 24 లీటర్లు పట్టిందంటే లీటరుకు 13 కిలోమీటర్లు ఇస్తున్నట్టు. పెట్రోలు ముల్లు చూసి వేసే లెక్క పనికిరాదు.

కొంత తేడా పెట్రోలుదే. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ, ఇప్పుడు బంకుల్లో 20 శాతం దాకా కలుస్తోంది. కాబట్టి 18 ఇచ్చే బండి 17కి తగ్గితే కంగారు పడక్కర్లేదు. 13కి పడితే మాత్రం బండిలోనే ఏదో ఉంది.

టైర్ల గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది.

తర్వాత బ్రేకులు. ఖాళీ రోడ్డు మీద బ్రేకు పెద్దగా వాడకుండా ఐదారు కిలోమీటర్లు నడిపి, ఆగి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, డిస్కును మాత్రం ముట్టుకోవద్దు. మిగతా వాటికంటే ఒకటి బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేసి ఉంది. ముందు చక్రమైతే కాలిపర్ (డిస్కును నొక్కిపట్టే భాగం) పిన్నులు తుప్పు పట్టి ఉంటాయి, శుభ్రం చేసి బ్రేకు గ్రీజు పెట్టిస్తే చాలాసార్లు సరిపోతుంది. వెనకదైతే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ చూడండి. వానాకాలంలో హ్యాండ్‌బ్రేక్ వేసి రోజుల తరబడి నిలిపిన బండ్లలో ఇది మామూలే.

ఎక్కువమంది వదిలేసేది థర్మోస్టాట్ వాల్వ్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కి వెళ్లనివ్వకుండా ఆపేది. బండి ఒకసారి వేడెక్కిందంటే చాలు, మన ఎండలకు ఇది అక్కర్లేదని కొందరు మెకానిక్కులు దాన్ని పీకేస్తారు. అది తప్పు పని. వాల్వ్ లేకపోతే హైవే మీద గాలికి ఇంజిన్ చల్లబడుతూనే ఉంటుంది. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ పంపిస్తుంది. వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయినా ఇదే ఫలితం. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌కి తగిలించి సెన్సర్ల రీడింగులు చూసే పరికరం) పెట్టి, 80 వేగంలో కూలెంట్ వేడి చూడండి. చాలా కార్లలో 85–95 డిగ్రీల మధ్య నిలబడాలి. 70 దగ్గరే తచ్చాడుతుంటే వాల్వ్ మార్పించండి, దాంతోపాటు గాస్కెట్ కూడా. కూలెంట్ మళ్లీ నింపాక లోపలి గాలి పూర్తిగా తీయించాలి, లేకపోతే ఈసారి నిజంగానే వేడెక్కుతుంది. రేడియేటర్ మూత ఇంజిన్ చల్లారాకే తీయండి.

స్కానర్ చేతిలో ఉండగానే ఆక్సిజన్ సెన్సర్ కూడా చూసేయండి. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచేది ఇదే; రెండుంటే ఇంజిన్‌కు దగ్గరగా ఉన్నదాన్ని చూడాలి. మామూలు రకమైతే ఇంజిన్ వేడెక్కాక 0.1, 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగాలి. 0.2 కిందే ఉండిపోతే పెట్రోలు చాలడం లేదని ఈసీయూకి తప్పుడు కబురు వెళ్తున్నట్టు, అది ఇంకా పోస్తుంది. సెన్సర్ కొనేముందు దానికి ముందున్న ఎగ్జాస్ట్ పైపులో లీకుందేమో చూడండి, లీకున్నా రీడింగు ఇలాగే వస్తుంది.

ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే ఇంజెక్షన్ బండిలో పికప్ పోతుంది, మైలేజీ పెద్దగా మారదు. కార్బ్యురేటర్ ఉన్న పాత మారుతి 800లో మాత్రం పెట్రోలు బాగా తాగుతుంది, దాంతోపాటు చోక్ (చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు గాలి తగ్గించే మూత) పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడాలి. నాలుగో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే, క్లచ్ ప్లేటు అరిగిపోయింది.