రైల్వే నిర్మాణ పనుల్లో ముప్పులను అదుపులో ఉంచడం ఎలా?

రైల్వే పనుల్లో ముప్పుల జాబితా లేని ప్రాజెక్టు అరుదు. కానీ జాబితాలోని ప్రతి ముప్పుకూ ఒక బాధ్యుడు, ఒక గడువు, ఒక ప్రత్యామ్నాయం ఉండాలి. ఈ మూడూ లేకపోతే ఆ కాగితం వృథా.

జాబితాను ఆఫీసులో కూర్చుని రాయకండి. ట్రాక్, సిగ్నలింగ్, విద్యుత్, వంతెనల ఇంజినీర్లతో కలిసి మార్గం వెంట నడవండి. ట్రాక్‌మెన్‌ను తప్పక వెంట తీసుకెళ్లండి, ఏ కట్ట ఏ వానకు జారుతుందో వారికే బాగా తెలుసు. ‘భూసేకరణ సమస్య’ అని ముక్తసరిగా రాస్తే ఎవరూ కదలరు. ‘వానలకు ముందు ఈ స్థలం చేతికి రాకపోతే వంతెన పునాది వచ్చే ఏడాదికి పోతుంది’ అని రాయండి.

తర్వాత ప్రతిదానికీ జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత అని అంచనా కట్టి వరుసలో పెట్టండి. దీనికి ఎక్కువ సమయం అక్కర్లేదు. అయితే ప్రాణనష్టానికి దారితీసేది ఎంత అరుదైనదైనా పైవరుసలోనే ఉండాలి.

అసలు పరీక్ష రైళ్లు నడుస్తున్న లైను మీద పని. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా రైళ్లు ఆపి, రైలును ఒక ట్రాక్ నుంచి మరో ట్రాక్‌కు మళ్లించే పాయింట్లను మారుస్తున్నారనుకుందాం. పాతవి పీకేశాక వెనక్కి తగ్గే వీలుండదు. అందుకే పీకకముందే ఒక గడువు పెట్టుకోవాలి: 12 గంటలకల్లా క్రేన్, కొత్త పాయింట్లు, సిగ్నల్ సిబ్బంది చేరకపోతే ఆ రాత్రి పని రద్దు. ఆ మాట చెప్పే అధికారం ఎవరిదో ముందే రాసిపెట్టండి. పట్టాల కింది కంకరను గట్టిపరిచే ట్యాంపింగ్ యంత్రం మొరాయిస్తే ఉదయం రైళ్లను వేగ పరిమితితో నడపవచ్చా అన్నదీ ముందే తేల్చుకోండి. ఎంత ఆలస్యమైనా చివరి సిగ్నల్ పరీక్షల సమయాన్ని మాత్రం కోయకండి.

పెద్ద ప్రాజెక్టుల్లోనూ చివరి పరీక్షల దగ్గరే చిక్కు రావచ్చు. 2018 డిసెంబరులో మొదలుకావాల్సిన లండన్ నగర రైలు మార్గం ఎలిజబెత్ లైన్ 2022 మే 24న గానీ మొదలుకాలేదు. సొరంగాలు ఎప్పుడో పూర్తయ్యాయి. రైళ్లను, వేర్వేరు సిగ్నలింగ్ వ్యవస్థలను కలిపి పరీక్షించడమే పెద్ద అడ్డంకి అయింది. కాబట్టి ఒక కాంట్రాక్టు పని మరొకదానితో కలిసే ప్రతి చోటికీ ఒక బాధ్యుణ్ని నియమించండి.

ప్రాజెక్టు హద్దు దాటి కూడా చూడండి. 2017 ఆగస్టు 12న జర్మనీలోని రాస్టాట్‌లో కొత్త సొరంగం తవ్వుతుండగా పైన నడుస్తున్న లైను కుంగింది. అక్టోబరు 2 దాకా రాకపోకలు ఆగిపోయాయి. సరిపడా మళ్లింపు మార్గం లేక యూరప్ సరకు రవాణా చిక్కుల్లో పడింది.

చివరిగా అత్యవసర నిధి. మొత్తం వ్యయంలో ఇంత శాతమని గుండుగుత్తగా పెట్టకుండా, ఏ ముప్పుకు ఎంతో విడివిడిగా రాయండి. నెలనెలా సమీక్షించి, గడిచిపోయిన ముప్పు తాలూకు సొమ్మును ఇంకా మిగిలి ఉన్న వాటికి మళ్లించండి.